నల్లని సిరాకు నాణ్యపు ముద్ర

భారతీయ ప్రమాణాల సంస్థ మహానిర్దేశకుల సముఖమునకు బహిరంగ లేఖ

మహాశయా,

దేశమునకు స్వాతంత్ర్యము సిద్ధించుటకు కొలది మాసములు ముందుగా 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అను పేర వెలసి, 1987లో చట్టముచే నేటి రూపమును దాల్చిన మీ సంస్థ, సిమెంటు బస్తా మొదలు విద్యుత్తు స్విచ్చు వరకు నిత్యజీవితమున మన చేతికి వచ్చు అసంఖ్యాక వస్తువులపై తన గుర్తు నిలిపి, తయారుచేసినవాని మాటను కొన్నవాడు నమ్ముటకు ఒక ఆధారమును కల్పించినది. ఆ గుర్తును చూచి సరకు కొనుట నేర్చినవారిలో నేనొకడను. బహుజనుల దృష్టికి ఇంకను రాకయే విపణిలో ప్రవేశించుచున్న ఒక క్రొత్త సరకు విషయమున మీ సంస్థ ముందుగా పూనుకొనవలెనను ఆకాంక్షతో ఈ లేఖను వ్రాయుచున్నాను. ప్లాస్టిక్కు పొరల మీదను, కాగితము మీదను, వస్త్రము మీదను విద్యుత్తు ప్రవహించు గీతలను అచ్చువేయుటకు ఉపకరించు గ్రాఫీను సిరాయే ఆ సరకు.

ఈ మాటలను ఒక అర్జీగా మీ కార్యాలయమునకు పంపక పదిమంది చదువునట్లు ప్రకటించుటకు హేతువు కలదు. ఈ సిరాతో సంబంధము గలవారు శాస్త్రజ్ఞులు మాత్రమే కారు. దానిని కొనబోవు చిన్న అచ్చుశాలల యజమానులు, దానిని స్వహస్తములతో కలిపి తెరపై లాగు పనివారు, దానితో చేసిన పట్టీని శరీరముపై ధరింపబోవు రోగులు, దానిని నమ్మి పెట్టుబడి పెట్టు యువకులు, వీరందరును ఈ విచారణలో పాలుగొనుటకు హక్కు గలవారే. నేను కోరునది సంగ్రహముగ చెప్పెదను. గ్రాఫీను సిరా అని పేరు పెట్టి అమ్ము ప్రతి డబ్బాపైనను, అందులో నున్నదేమో, అది ఏ పరిస్థితులలో ఎంతమేరకు విద్యుత్తును ప్రవహింపనిచ్చునో, సామాన్యుడైన అచ్చుపనివాడు సరిచూచుకొనగల రీతిని తెలుపవలెనను నియమమును, ఆ మాటను పరీక్షించి నిగ్గుతేల్చు శాలలను మీరు ఏర్పరుపవలెను. ఈ కోరికయందలి న్యాయమును నిరూపించుటకై విషయమును కొంత మొదటినుండి వివరింపవలసియున్నది.

పెన్సిలు ములికిలోని గ్రాఫైటు, కర్బన పరమాణువుల పొరలు ఒకదానిపై నొకటి చేరగా ఏర్పడిన ఖనిజము. మన తూర్పు కనుమలలోని ఖొండలైటు శిలలయందును అది పొలుసులుగా కానవచ్చును. ఒక్కొక్క పొరలో పరమాణువులు షట్కోణములుగా అల్లుకొని అతి దృఢముగ బంధింపబడియుండగా, పొరకును పొరకును నడుమ గల బంధము మిక్కిలి దుర్బలము. ఆ నడిమి దూరము మిల్లీమీటరులో సుమారు 30 లక్షలవ వంతు. అట్టి పొరలలో ఒక్కదానిని విడదీసి నిలుపుట సాధ్యము కాదని పలువురు తలచుచుండిన కాలమున, 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయములో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును సామాన్యమైన అంటుపట్టీతో గ్రాఫైటును మరల మరల ఒలిచి, పరమాణువు మందము గల పొరలను వేరుచేసి, వాని విద్యుద్ధర్మములను లోకమునకు వెల్లడించిరి. 2010లో వారిరువురికిని భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ ఒంటి పొరకే గ్రాఫీనని పేరు.

అంటుపట్టీతో ఒలిచిన పొర ప్రయోగశాలకు చాలును గాని పరిశ్రమకు చాలదు. పరిశ్రమకు కావలసినది కిలోల కొలది సరకు. ఆ మార్గమును తెరచినవారిలో డబ్లిన్ నగరములోని ట్రినిటీ కళాశాలకు చెందిన జోనథన్ కోల్మన్ బృందము ముఖ్యమైనది. గ్రాఫైటు పొడిని తగిన ద్రావకములో నుంచి, చెవికి వినరాని తీవ్ర ధ్వనితరంగములతో కదిలించినచో పొరలు విడివడి ద్రావకములో తేలియాడునని 2008లో వారు చూపిరి. వేగముగ తిరుగు రెక్కలు కలిగించు ఒరపిడిచేతను ఆ కార్యము సిద్ధించుననియు, అందుకు వంటింటి మిక్సీ వంటి యంత్రమును పనికివచ్చుననియు 2014లో నిరూపించిరి. గ్రాఫైటును ఆమ్లములతో ఆక్సీకరించి, నీటిలో పొరలుగ విడదీసి, పిదప ఆక్సిజనును తొలగించు మార్గము వేరొకటి కలదు గాని, ఆ ప్రక్రియలో పొరలకు కలిగిన గాయములు పూర్తిగ మానవు. కనుక దాని వాహకత సాధారణముగ తక్కువ. ఏ మార్గమున వచ్చినను, ద్రావకములో తేలియాడు ఆ పొరలకు తగిన చిక్కదనమును, అంటుకొను గుణమును సమకూర్చిన మిశ్రమమే గ్రాఫీను సిరా.

సిరాయైన పిమ్మట దానికి అచ్చుకళ యావత్తును తోడగును. నేటి సామాన్యమైన సర్క్యూటు పలక తయారీలో పలకనంతటిని రాగిరేకుతో కప్పి, కావలసిన గీతలను మాత్రము విడిచి తక్కిన రాగిని రసాయనములలో కరగించివేయుదురు. అనగా ముందు పరచి, పిదప పారవేయుట. అచ్చుపద్ధతిలో కావలసినచోట మాత్రమే పదార్థము పడును. సన్నని బిందువులను చిమ్ము ఇంక్‌జెట్ యంత్రమునకు పలుచని సిరా, ఆ యంత్రపు రంధ్రములో చిక్కుకొనని అతి చిన్న పొరలు వలెను. పట్టుతెర వంటి జల్లెడమీదుగా రబ్బరు బద్దతో సిరాను లాగు స్క్రీన్ ప్రింటింగునకు చిక్కని సిరా, కొంచెము పెద్ద పొరలైనను చెల్లును. 2012లో కేంబ్రిడ్జి పరిశోధకులు మొదటి మార్గమున గ్రాఫీను ట్రాన్సిస్టరులను అచ్చువేసి చూపిరి. చక్కెరవ్యాధిగ్రస్తులు రక్తపు చుక్కను అద్దు పరీక్షాపట్టీలలో పెక్కింటిపై నున్న కర్బనపు గీతలు చిరకాలముగ రెండవ మార్గముననే అచ్చగుచున్నవి.

ఇంతవరకు విన్నవారికి ఇది సులభమైన పని యనిపించవచ్చును. కాని ఈ విద్యయందలి కష్టమంతయు సిరా ఆరిన తరువాత మొదలగును. ఎండిన గీతలో గ్రాఫీను ఒకే అఖండమైన పొరగ నుండదు. లక్షలాది చిన్న రేకులు ఒకదానిపై నొకటి అడ్డదిడ్డముగ పడియుండును. రేకు లోపల విద్యుత్తు సునాయాసముగ పోవును. రేకునుండి రేకునకు దాటునప్పుడే దానికి ఆటంకము. సిరా చిక్కగ నుండి, అచ్చుపడినచోటనే అంటి నిలుచుటకై కలిపిన జిగురు, రేకుల నడుమ చేరి ఆ ఆటంకమును ఇంకను పెంచును. జిగురు లేనిచో గీత రాలిపోవును, జిగురున్నచో విద్యుత్తు సాగదు. ఈ విషమస్థితినుండి బయటపడుటకై ప్రపంచమున జరిగిన కృషి ఎంతో కలదు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమువారు 2013లో ఇథైల్ సెల్యులోజును జిగురుగ వాడి, అచ్చువేసిన పిదప 250 డిగ్రీల సెల్సియసు వద్ద అరగంట కాల్చి దానిని విచ్ఛిన్నము చేసి, మీటరుకు 25,000 సీమెన్సుల వాహకతను సాధించిరి. మాంచెస్టరువారు 2015లో జిగురు లేని సిరాను కాగితముపై అచ్చువేసి, తక్కువ వేడిమిపై ఆరబెట్టి, రోలరుల నడుమ నొక్కి, రేకులను దగ్గరకు చేర్చి 43,000 సీమెన్సులు సాధించిరి. 2018లో సెల్యులోజునుండి వచ్చు హానితక్కువ ద్రావకముతో చేసిన సిరాకు ఆ సంఖ్య 71,000 దాటినది.

ఈ సంఖ్యలు మెచ్చదగినవే యైనను, వానిని సరియైన స్థానమున నిలిపి చూడవలెను. వెండి వాహకత మీటరుకు సుమారు 6 కోట్ల 30 లక్షల సీమెన్సులు. అనగా 2015 నాటి ఆ గీతకంటె 1,400 రెట్లకు పైమాట. కనుక గ్రాఫీను సిరా రేపో మాపో రాగిని, వెండిని, సిలికానును గద్దె దింపునని చెప్పు ప్రకటనలు నమ్మదగినవి కావు. అది చేయగల పని వేరు. సరకుల పెట్టెపై అంటించు రేడియో గుర్తుచీటీకి ఆంటెన్నాగను, చెమటలోని లవణములను పసిగట్టు పట్టీకి విద్యుద్ద్వారముగను, కీలు వంగినప్పుడెల్ల మారు నిరోధము ద్వారా ఆ వంపును కొలుచు సాధనముగను, మెత్తని వస్త్రములో దాగి వెచ్చదనము నిచ్చు తాపకముగను అది చక్కగ పనిచేయును. వెండి సిరా ఖరీదైనది. తేమలో విద్యుత్పీడనమునకు లోనైనప్పుడు వెండి కణములు మెల్లగ ప్రాకి ప్రక్క గీతను తాకు దోషమును దానికి కలదు. కర్బనమునకు ఆ చిక్కు లేదు. తన హద్దులలో నిజాయితీగ వాడినచో ఈ సిరా అమూల్యమైనదే.

వంగెడు ఉపరితలముల విషయమున జాగరూకత ఇంకను అధికముగ కావలెను. తేనెరంగుగల పాలీఇమైడు పొర 300 డిగ్రీల వేడిమినైనను తట్టుకొనును గాని వెల ఎక్కువ. నీటి సీసాల జాతికి చెందిన పెట్ అను పాలియెస్టరు పొర చవుక; కాని అది 80 డిగ్రీల సమీపముననే మెత్తబడ నారంభించి, 250 డిగ్రీల వద్ద కరగు స్థితికి చేరువగును. కాగితము సిరాను పీల్చును. నూలు వస్త్రము దారము వెంట దానిని ప్రాకనిచ్చును. జినాన్ దీపపు తళుకును క్షణములో స్వల్పాంశము మాత్రము ప్రసరింపజేసి, క్రింది పొర వేడెక్కకమునుపే సిరాను కాల్చు ఉపాయమును 2015లో నార్త్‌వెస్టర్న్‌వారే చూపిరి. కాని అట్టి యంత్రము ప్రతి అచ్చుశాలకును అందుబాటులో నుండదు. పొర వంగినప్పుడు గీత చిట్లునా, ఎన్నిమార్లు వంచినను నిలుచునా, ఉతికినచో ఊడునా, ఈ ప్రశ్నలకు సమాధానము సిరాలోనే లేదు. సిరా, ఉపరితలము, ఆరబెట్టిన విధము, ఈ మూటి సంయోగముననే కలదు.

మహాశయా, ఈ విద్య మన దేశమునకు ఏల ముఖ్యమో ఇప్పుడు మనవి చేసెదను. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము 76,000 కోట్ల రూపాయల కేటాయింపుతో సెమీకండక్టరు పథకమును ప్రకటించినది. అది దేశమునకు అవసరమైనదే. కాని సిలికాను చిప్పుల కర్మాగారము ఒక్కొక్కటి వేలకోట్ల వ్యయముతోను, ధూళికణమునైన సహింపని గదులతోను కూడిన మహాప్రయత్నము. అచ్చు ఎలక్ట్రానిక్సునకు అంత సంరంభము లేదు. విజయవాడ, హైదరాబాదు, రాజమహేంద్రవరము వంటి మన పట్టణములలో శుభలేఖలు, దుకాణముల బోర్డులు, బట్టలపై బొమ్మలు స్క్రీన్ ప్రింటింగున వేయు పనివారి నైపుణ్యము, అనగా తెర బిగువును, బద్ద వంపును, సిరా చిక్కదనమును చేతిస్పర్శచే ఎరుగు విద్య, ఈ క్రొత్త పనికి అత్యంత సన్నిహితమైనది. పరిశోధనాబలమును మనకు కొరవడలేదు. హైదరాబాదులోనే ఎలక్ట్రానిక్ పదార్థములపై పనిచేయు సి-మెట్ శాఖయు, నవీన పదార్థముల పరిశోధనకై నెలకొన్న ఎ.ఆర్.సి.ఐ.యు కలవు, కాన్పూరు ఐ.ఐ.టి.లో వంగెడు ఎలక్ట్రానిక్సునకై జాతీయకేంద్ర మొకటి నడచుచున్నది; కేరళలో సి-మెట్, కేరళ డిజిటల్ విశ్వవిద్యాలయము, టాటా స్టీలు సహకారముతో గ్రాఫీనునకే ప్రత్యేకమైన కేంద్రము ఏర్పడినది. పరిశోధనాలయమునకును అచ్చుశాలకును నడుమ లోపించినది నమ్మకమను వంతెనయే. ఆ నమ్మకము కొలత లేక కలుగదు.

కొలత లేనిచోట ఏమి జరుగునో లోకము ఇదివరకే చూచినది. 2018లో సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు దేశములలోని 60 సంస్థలు గ్రాఫీను పేర అమ్మిన సరకును పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. వానిలో అధికభాగమున అసలు గ్రాఫీను 10 శాతమునకును తక్కువ. 50 శాతమునకు మించినది ఒక్కటియు లేదు. మిగిలినది చాలవరకు సన్నగ నలిగిన గ్రాఫైటే. గ్రాఫైటును, దీపపు మసి వంటి కర్బనపు పొడిని కలిపి చేసిన సిరాలు కూడ విద్యుద్వాహకములే, పెక్కు పనులకు ఉపయుక్తములే. వానిని వాని పేరుతో అమ్మినచో దోషము లేదు. గ్రాఫీను పేరుతో, గ్రాఫీను వెలకు అమ్ముటయే దోషము. అన్నియు నల్లనివే, అన్నియు చేతికంటునవే; కంటితో చూచి వేరుపరచుట ఎవరి తరమును కాదు. విశాఖపట్టణములో బాల్యమున చదువుకొని, 1928లో కలకత్తాలో కాంతి పరిక్షేపణమునందలి క్రొత్త ధర్మమును కనుగొన్న సి.వి. రామన్ పేరిట వెలసిన వర్ణపట పరీక్షయే నేడు ప్రపంచమంతటను గ్రాఫీనును గుర్తించుటకు ప్రధానసాధనము. పొరల సంఖ్యను, వానిలోని లోపములను ఆ వర్ణపటమందలి శిఖరముల రూపమునుబట్టి తెలిసికొనవచ్చును. ఒక భారతీయుని ఆవిష్కరణము లోకమునకు గీటురాయి యైయుండగా, ఆ గీటురాయి మన చిన్న అచ్చుశాలలకే అందకుండుట విచారకరము గదా!

వంచన బుద్ధి లేనిచోటను అసంపూర్ణమైన సంఖ్య వంచనయే చేయును. డబ్బాపైని కాగితములో వాహకత ఇంత యని వ్రాసి, ఆ సంఖ్య గాజుపలకపై అచ్చువేసి 250 డిగ్రీల వద్ద కాల్చినప్పుడు వచ్చినదని వ్రాయనిచో, పెట్ పొరపై పనిచేయు అచ్చుపనివాడు 100 డిగ్రీల వద్ద ఆరబెట్టి, ఎన్నడును ఆ సంఖ్యను చేరలేక తన పనితనమునే నిందించుకొనును. ఈ వృత్తిలో నిజమునకు ఉపయోగపడు కొలత పొర నిరోధము. దానిని చదరమునకు ఇన్ని ఓములని చెప్పుదురు. చదరము చిన్నదైనను పెద్దదైనను, మందము సమానమైనచో, ఒక అంచునుండి ఎదుటి అంచువరకు గల నిరోధము ఒక్కటియే గనుక ఈ కొలత అచ్చుపనికి చక్కగ అమరును. ఒక మిల్లీమీటరు వెడల్పును 10 సెంటీమీటరుల పొడవును గల గీత నూరు చదరములతో సమానము. చదరమునకు 4 ఓములైనచో ఆ గీత నిరోధము 400 ఓములు; చదరమునకు 40 ఓములైనచో 4,000. చిన్న బ్యాటరీతో నడచు పరికరమున ఈ భేదము వలన ఒకటి పనిచేయును, ఒకటి పనిచేయదు. కాని మందము చెప్పక పొర నిరోధమును మాత్రము చెప్పుటయు అర్ధసత్యమే. రెట్టింపు మందముగ పూసినచో ఆ సంఖ్య సగమగును, సిరా వ్యయము రెట్టింపగును.

ప్రమాణములు ఆలసించినచో జనులు నిష్కారణమైన విశ్వాసమునకును, నిష్కారణమైన భయమునకును సమానముగ లోనగుదురు. 2021 ఏప్రిలులో కెనడా ఆరోగ్యశాఖ, గ్రాఫీను కలిపిన ముఖాచ్ఛాదనములను ధరింపవలదని ప్రజలను హెచ్చరించినది. ఆనాటికే అవి బడిపిల్లల మధ్యకు చేరియుండెను. పరిశీలన జరిపిన పిమ్మట అదే సంవత్సరము జూలైలో కొన్ని రకములను తిరిగి అనుమతించినది. ముందే పరీక్షించి అమ్మనిచ్చినచో ఆ మూడు మాసముల కలవరము తల్లిదండ్రులకు తప్పియుండెడిది.

అంతర్జాతీయ ప్రమాణములు లేకపోలేదు. గ్రాఫీను, ద్విపొర గ్రాఫీను, మూడునుండి పదివరకు పొరలు గల కొలదిపొరల గ్రాఫీను అను పదములకు అంతర్జాతీయ ప్రమాణీకరణ సంస్థ యగు ఐ.ఎస్.ఓ. 2017లో నిర్వచనములు ప్రకటించినది. 2021లో పరీక్షావిధానమును వెలువరించినది. అచ్చు ఎలక్ట్రానిక్సునకై అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంస్థ యగు ఐ.ఇ.సి. ప్రత్యేకసంఘము నేర్పరచి, వాహకసిరాలను గూర్చి 62899 సంఖ్యతో ప్రమాణముల శ్రేణిని నడపుచున్నది. కాని అవి నిపుణులకై నిపుణులు వ్రాసినవి. వెలపెట్టి కొని చదువవలసినవి. వానిని మన విపణిలో, మన భాషలలో, మన పనివాని చేతికందు రూపమున నిలుపుట మీ సంస్థ వలననే కావలెను. ఈ పని మీకు క్రొత్తదియు కాదు. బంగారు నగలకు హాల్‌మార్కును 2000లో ప్రవేశపెట్టి, 2021 జూన్ నుండి దశలవారీగ తప్పనిసరి చేసినవారు మీరే. ఆ విధానమునందలి వివేకమును గమనింపుడు. పదునెనిమిది క్యారెట్ల నగను అమ్మరాదని మీరు శాసింపలేదు. 750 అని ముద్రవేసి అమ్ముమనిరి. ఇరువదిరెండు క్యారెట్లదైనచో 916 అని వేయుమనిరి. అమ్మువాని స్వేచ్ఛకు భంగము లేదు, కొనువానికి అజ్ఞానము లేదు. గ్రాఫీను సిరాకు నేను కోరునది ఇట్టిదే.

అందుచే నా విన్నపములను వరుసగ నివేదించెదను. మొదటిది, డబ్బాపై ఒక ప్రకటనపత్రము. అందులోని కర్బనమున పది పొరలకు లోబడిన గ్రాఫీను ఎంత శాతము, గ్రాఫైటు ఎంత, కర్బనపు మసి ఎంత; జిగురేది, ద్రావకమేది; ఏ ఉపరితలముపై, ఎంత మందమున, ఎన్ని డిగ్రీల వద్ద, ఎంతసేపు ఆరబెట్టగా ఎంత పొర నిరోధము వచ్చినది; ఎంత వ్యాసము గల కడ్డీ చుట్టు ఎన్నిమార్లు వంచగా అది ఎంత పెరిగినది. ఈ వివరములన్నియు ఒక్క పుటలో నిముడును. ఆ పుట ఇంగ్లీషు హిందీలతో బాటు తెలుగు మున్నగు దేశభాషలలోను ఉండవలెను.

రెండవది, పరీక్షాశాలలు. ప్రతి అచ్చుశాలయు రామన్ యంత్రమును కొనజాలదు; కాని నమూనాను పంపి స్వల్పరుసుముతో నిర్ణయము పొందగలదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దేశమున కొలతలకెల్ల మూలస్థానము. దాని పర్యవేక్షణమున, ఇదివరకే పరికరములు గల ప్రభుత్వ పరిశోధనాలయములలో ఒక్కొక్క గదిని ఇందులకై కేటాయించినచో క్రొత్త భవనముల అవసరము లేదు. దానితో బాటు, గుణము నిర్ధారితమైన ఒక ఆదర్శసిరాను, దానితో అచ్చువేసిన ఆదర్శపు పట్టీని సిద్ధపరచి పంచవలెను. పొర నిరోధమును కొలుచు నాలుగు మొనల సాధనము గల ఏ పాలిటెక్నిక్ విద్యార్థియైనను తన సాధనము సరిగ నున్నదో లేదో దానితో సరిచూచుకొనగలుగును.

మూడవది, మన వాతావరణమునకు తగిన పరీక్ష. చల్లని దేశపు ప్రయోగశాలలో వేయిమార్లు వంగి నిలిచిన గీత, కోస్తా తీరపు ఉప్పుగాలిలోను, వానకాలపు తేమలోను, రామగుండపు వేసవిలోను, పొలములో పనిచేయు మనిషి చెమటలోను నిలుచునని హామీ యేమి? కర్బనము చెడకపోవచ్చును, కాని జిగురు నానును, పొర ఉబ్బును, గీత పట్టు వదలును. వేడిమి, తేమ, చెమట, ఉతుకు, ఈ నాలుగింటికి మన దేశమునకై నియమములను మనమే వ్రాసికొనవలెను.

నాలుగవది, పనివాని ఆరోగ్యము. క్రమమున చివర చెప్పినను ప్రాధాన్యమున చివరిది కాదు. పొరలను విడదీయుటకు మొదటినుండియు పేరుపొందిన ఎన్-మిథైల్ పైరోలిడోన్ అను ద్రావకము గర్భస్థశిశువునకు హాని కలిగింపగలదని గుర్తించి, ఐరోపా సమాఖ్య 2020 మే నుండి దాని వాడుకకు కఠినమైన హద్దులు విధించినది. మన చిన్న అచ్చుశాలలలో స్త్రీలు అనేకులు పనిచేయుచున్నారు. గాలి మారని గదులలో, చేతితొడుగులు లేకయే పనిచేయుచున్నారు. డబ్బాలో నున్న ద్రావకము పేరు, దానివలని హాని, తీసికొనవలసిన జాగ్రత్త, ఇవి వారికి తెలిసిన భాషలో, పెద్ద అక్షరములతో ఉండితీరవలెను. పైన చెప్పిన ఇతర నియమములు ఐచ్ఛికముగ ప్రారంభమైనను నాకు అభ్యంతరము లేదు. ఇది మాత్రము మొదటి దినమునుండియే తప్పనిసరి కావలెను.

పరిశ్రమ పుట్టకమునుపే నియమములు విధించినచో అది మొక్కగనే వాడిపోవునని కొందరు పెద్దలు శంకింపవచ్చును. ఆ శంకయందు కొంత న్యాయము కలదు. శైశవమున నున్న విద్యకు ఇంత వాహకత ఉండితీరవలెనని హద్దు గీచినచో, రేపటి క్రొత్త మార్గము ఆ హద్దు అడ్డుపడగా ఆగిపోవచ్చును. అందుచేతనే నేను కనీసపు యోగ్యతను కోరలేదు, సత్యప్రకటనమును మాత్రమే కోరితిని. తక్కువ వాహకత గల సిరాను చవుకగ అమ్మదలచినవాడు నిర్భయముగ అమ్ముకొనవచ్చును. తాపకమునకు అదియే చాలును. ఇట్టి నియమమువలన నష్టపోవువాడు అసత్యమును పేరుగ పెట్టి అమ్మువాడొక్కడే. లాభపడువాడు, శ్రమించి మంచి సిరాను చేసియు, నకిలీ సరకు వెలతో పోటీపడలేక దుకాణము మూసివేయవలసివచ్చు యువ ఉత్పత్తిదారుడు. నియమము వానికి కవచము.

ఇంకొక విషయమును విస్మరింపరాదు. ఒక క్రొత్త పదార్థముపై జనులకు ఒకమారు అపనమ్మకము కలిగినచో దానిని తొలగించుటకు ఒక తరము పట్టును. మొదటి ఐదారేండ్లలో మన అచ్చుశాలలు కొన్న సిరా డబ్బాలు మాటతప్పినచో, ఆ యజమానులు మరల ఈ వైపు చూడరు; పనివారు తమ పాత శుభలేఖలకే మరలుదురు; సిరాను, పట్టీలను, ఆంటెన్నాలను విదేశములనుండి దిగుమతి చేసికొనుచు, మన విశ్వవిద్యాలయముల పరిశోధనాపత్రములను మాత్రము మనము లెక్కించుకొనుచు కూర్చుందుము. విద్య యున్నది, హస్తకౌశలమున్నది, ముడిపదార్థమున్నది, విపణి యున్నది. వీనినన్నిటిని ఒక త్రాటిపైకి తెచ్చు నిజమైన కొలత మాత్రము రావలసియున్నది.

ఆ కొలతను ఏర్పరచు అధికారమును పార్లమెంటు మీ చేతులలో నుంచినది. సూక్ష్మపదార్థముల శాస్త్రజ్ఞులను, స్క్రీన్ ప్రింటింగు పనివారిని, వైద్యులను, కార్మికారోగ్య నిపుణులను ఒకచోట చేర్చి, ఈ సంవత్సరముననే మొదటి ముసాయిదాను వెలువరించి ప్రజాభిప్రాయమునకు విడువుడని ప్రార్థించుచున్నాను. అందు లోపములున్నను దిద్దుకొనవచ్చును. అచ్చుపనివాడు డబ్బా మూత తీయుటకు ముందు దానిపై వ్రాసిన మాట చదివి, ఆ మాటను నమ్మి పని మొదలిడగల దినమును త్వరితముగ తెండు. అందుకు కావలసిన సహాయమును పౌరులముగ మేమును చేయుదుము.

ఇట్లు,
భవదీయుడు,
ఒక తెలుగు విజ్ఞాన వ్యాసకర్త